ఇడ్లీ రేకులో నాలుగు ప్లగ్గులు

మా ఆయన ముప్పై ఏళ్ళు నా పాలగిన్నె పక్కన స్పార్కు ప్లగ్గులు కాల్చాడు. స్టవ్వు మీద ఒక పక్క పాలు, ఇంకో పక్క పటకారుతో పట్టుకున్న ప్లగ్గు. ఇంటికొచ్చిన చుట్టాలు కాఫీలో పెట్రోలు వాసన వస్తోందని మొహమాటపడుతూ చెప్పేవాళ్ళు. "ఇది వంటిల్లా, షెడ్డా? సిగ్గుండాలయ్యా మనిషికి!" అని నేను అరవని వారం లేదు. నా గొంతు చిన్నది కాదు. హైస్కూల్లో ముప్పై రెండేళ్ళు సైన్సు చెప్పిన గొంతు, చివరి బెంచీదాకా పోతుంది. ఆయన మాత్రం తల కూడా తిప్పేవాడు కాదు. "ఒక్క నిమిషం మే. తడి ఆరిపోతాది," అనేవాడు. ఆ ఒక్క నిమిషంలోనే నా పాలు పొంగేవి.

ఆ ప్లగ్గులు మా ట్రాక్టరువి. ట్రాక్టరుకు ప్లగ్గులేమిటని ఈ కాలం వాళ్ళు అడుగుతారు. నిజమే, ఇప్పుడున్నవన్నీ డీజిల్ బండ్లు, వాటికి ఈ గొడవ లేదు. మైదుకూరు దగ్గరి మా పల్లెలో మాదొక్కటే పాత పెట్రోలు బండి. మా మామ ఎప్పుడో ఒక వ్యవసాయ క్షేత్రం వేలంలో పాడుకొచ్చాడు. అప్పట్లో పెట్రోలుతో స్టార్టు చేసి, ఇంజను వేడెక్కాక కిరసనాయిలుకు మార్చేవాళ్ళట. కిరసనాయిలు దొరకడం మానేశాక వట్టి పెట్రోలే. పెట్రోలు పోసి గుంటక తోలే రైతు జిల్లా మొత్తానికి ఈయనొక్కడేనని ఊళ్ళో నవ్వేవాళ్ళు. "అమ్మేయప్పా, తుక్కు కింద పోతాది," అని ఎవరైనా అంటే, "మా నాయన తెచ్చిన బండిప్పా. నాకన్నా పెద్దది. పెద్దోళ్ళను అమ్ముకుంటామా?" అనేవాడు. కాకిపిల్ల కాకికి ముద్దు. లోతు దుక్కికి డీజిల్ బండిని బాడుగకు పిలిచేవాడు, తేలిక పనులన్నీ దీంతోనే. మాకు పిల్లలు కలగలేదు. ఆయన ప్రేమంతా ఆ రేకుల షెడ్డులోకి పోతోందని నాకు ఉక్రోషంగా ఉండేది. దాన్ని సవతి అనే పిలిచేదాన్ని. ఒక్కనాడూ దాని మీద చెయ్యి వేసి ఎరగను.

దానికి నాలుగు సిలిండర్లు, నాలుగు ప్లగ్గులు. నాలుగు గుంటల ఇడ్లీ రేకు ఒకటి నా వంటింట్లోంచి మాయమై షెడ్డులో తేలింది. ప్లగ్గులు విప్పగానే వరస తప్పకుండా ఒక్కో గుంటలో ఒక్కోటి పెట్టేవాడు. "చూడుమే, ఇది శనక్కాయ పప్పు వేంచిన రంగులో ఉండాది కదా, అంటే ఈ సిలిండరు బాగుండాది. ఇది చూడు, మసి. బండిని ఊరికే నిలబెట్టి తిప్పితే ఇట్లయితాది. ఈ రెండోదానికే ఎప్పుడూ తంటా." తీగల బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచి, పొయ్యి మీద కాల్చి, మొనల మధ్య సందులో విరిగిన హ్యాక్సా బ్లేడు దూర్చి చూసుకునేవాడు. బ్లేడు బిగువుగా జారితే సరిపోయినట్టు. నాకు చూపించాలని ఆయనకు ఎంత ఆశగా ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం, "నా ఇడ్లీ రేకుకు పట్టిన గతి చూస్తున్నాలే," అని మూతి తిప్పుకుని వెళ్ళిపోయేదాన్ని.

పోయినేడాది పసుపు తవ్వే రోజుల్లో ఆయనకు పక్షవాతం వచ్చింది. కడప ఆసుపత్రిలో ఇరవై రోజులు ఉంచుకుని ఇంటికి పంపారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. అన్నీ అర్థమవుతాయని డాక్టరు చెప్పాడు గానీ నాకు నమ్మకం కలగలేదు. ఎవరు పలకరించినా పైకప్పు వైపు చూస్తూ పడుకునేవాడు. రాగి జావ పట్టబోతే పళ్ళు బిగించేవాడు. ఆయన అక్క, అంటే మా వదిన, భర్త పోయినప్పటి నుంచి మాతోనే ఉంటోంది. ఆమె మంత్రాలయం స్వామికి మొక్కుకుంది. నేను గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చునేదాన్ని. తినకపోతే ఈ మనిషి నెల కూడా బతకడని తెలిసి కూడా నోరు తెరిపించలేకపోయాను. స్కూల్లో ఎంత మొండి పిల్లలనైనా దారికి తెచ్చానని గొప్పలు పోయేదాన్ని కదా, అవన్నీ ఆ గిన్నె ముందు పనికిరాలేదు.

అట్లాంటప్పుడు తుక్కు కొనే మనిషి ఒకడు వచ్చాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడని, మంచంలో మనిషి ఉండగానే ట్రాక్టరుకు బేరం. నేను లోపల జావ కలుపుతున్నాను. అతను వదినను అడిగి షెడ్డులోకి పోయి, ఇంజను తిరుగుతుందో లేదో చూద్దామని స్టార్టు చేశాడు. షెడ్డు సరిగ్గా ఆయన గది కిటికీ పక్కనే. ఇంజను లేచింది. పైకప్పు వైపున్న ముఖం మెల్లగా కిటికీ వైపు తిరిగింది. ఎడమ చెయ్యి దుప్పటి మీద లేచింది. నోరు కొంచెం తెరుచుకుంది. నేను ఆలోచించలేదు, చెంచాడు జావ పోశాను. మింగాడు. ఇంకో చెంచా. ఇంకోటి. గిన్నె ఖాళీ అయ్యేదాకా తుక్కు మనిషిని ఇంజను ఆపనివ్వలేదు. ఆ తర్వాత అతన్ని నేను అన్న మాటలు ఇక్కడ రాయడం బాగుండదు.

మర్నాటి నుంచి రోజూ పొద్దున జావ వేళకు నేనే స్టార్టు చేసేదాన్ని. అరవై దాటాక, సవతి ఒళ్ళో ఎక్కి కూర్చున్నాను! చోకు అని ఒక కడ్డీ ఉంటుంది. లాగితే గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ పోతుంది. చల్లటి ఇంజను లేవడానికి అది కావాలి, లేచాక తోసెయ్యాలి. నేను తోస్తే ఇంజను దగ్గి ఆగిపోయేది. అందుకని లాగి అట్లాగే వదిలేసేదాన్ని. షెడ్డులో నిలబడ్డ చోటే అది డుగుడుగుమంటూ ఉండేది, నేను పరుగెత్తుకొచ్చి జావ పట్టేదాన్ని. ఆయన వింటూ మింగేవాడు. జావ అయ్యాక వెళ్ళి ఆపేసేదాన్ని. నెలన్నర అట్లా గడిచింది. బుగ్గల్లో కాస్త కండ కూడా పట్టింది. నేనే ఈయన్ను బతికిస్తున్నానని లోలోపల గర్వం.

తర్వాత ఇంజను చప్పుడు మారింది. నాకు మారినట్టు తెలియలేదు, ఆయనకు తెలిసింది. ఒక రోజు జావ మధ్యలో పెదాలు బిగించాడు. ఎడమ చెయ్యి ఎత్తి మూడు వేళ్ళు చూపించాడు. "ఏమయ్యా? మూడేమిటి?" అన్నాను. మళ్ళీ మూడు వేళ్ళు. వదిన వచ్చి చూసి, "మూడు పూటలా బండి తిప్పమంటాండాడేమో మే," అంది. నాకూ అదే నిజమనిపించింది. ఎంత సంతోషించానో! అప్పటి నుంచి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు సార్లు స్టార్టు చేశాను. చోకు లాగి, నిలబెట్టిన చోటే, పావు గంట చొప్పున. నల్లటి పొగ కిటికీలోంచి గదిలోకి వచ్చేది. ఆయన మూడు వేళ్ళు చూపించడం మానలేదు. చూపించి, ఆ చేత్తోనే పొలం వైపు తోస్తున్నట్టు గాలిలో ఊపేవాడు. ఇంకా అర్థం కాకపోతే మంచం పట్టె మీద గుద్దేవాడు.

ఒక సాయంత్రం జావ గిన్నెను తోసేశాడు. నా చీరంతా జావ. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏం చేసినా నీకు సరిపోదయ్యా! ఇన్నేళ్ళూ అంతే, ఇప్పుడూ అంతే. రేపే ఆ తుక్కోణ్ణి పిలిచి దాన్ని తోలేస్తాను, అప్పుడు గాని నా ప్రాణానికి శాంతి ఉండదు!" అని అరిచాను. చివరి బెంచీదాకా పోయే గొంతుతోనే అరిచాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఎడమ కంటి కొసలోంచి నీళ్ళు చెవిలోకి కారాయి. తుడవడానికి చెయ్యి చాపి కూడా, కోపం తగ్గక, చెయ్యి వెనక్కు తీసుకున్నాను. ఆ చెయ్యిని నేను ఇప్పటికీ క్షమించలేదు.

మర్నాడు బండి లేవలేదు. ఎన్నిసార్లు స్టార్టరు నొక్కినా ఇంజను మూలిగిందే గాని అందుకోలేదు. ఆయన నోరు తెరవలేదు. ఆ రోజూ, మర్నాడూ నీళ్ళు తప్ప ఏమీ దిగలేదు. మైదుకూరులో అడిగితే కుర్ర మెకానిక్కులు పెట్రోలు ట్రాక్టరనగానే నవ్వారు. చివరికి మా ఆయనకు పాత స్నేహితుడైన ఒక ముసలి మేస్త్రీ సాయిబు, పని మానేసి ఇంట్లో ఉంటున్నాయన, కబురు వినగానే పానాల సంచి పట్టుకుని బస్సులో వచ్చాడు.

సాయిబు ప్లగ్గులు విప్పుతుంటే నేను ఇడ్లీ రేకు తెచ్చి పెట్టాను. నాలుగూ నలుపే. రెండోదైతే మసి, పెట్రోలు కలిసి బురదగా ఉంది. "టీచరమ్మా, రోజూ ఎంత పని చేపిస్తాండారు దీంతో?" అన్నాడు.

"పనేం లేదు సాయిబూ. ఇక్కడే నిలబెట్టి తిప్పుతున్నాను. మూడు పూటలా."

"చోకు?"

"లాగే ఉంచుతాను. తోస్తే ఆగిపోతుంది."

సాయిబు నా వైపు చూసి తల పట్టుకున్నాడు. "అయ్యో అల్లా! ఎంత పని చేసినారమ్మా. పెట్రోలు ఇంజను అంటే బరువు లాగాల, వేడెక్కాల. వేడెక్కితే ప్లగ్గు మీది మసి దానంతటది కాలిపోతాది. చల్లగా కూర్చోబెట్టి, గాలి ఆడకుండా చోకు లాగి పెడితే మసి మేస్తాది అది. ప్రేమతోనే చంపినారు దాన్ని."

గాలి చాలకపోతే దహనం పూర్తికాదు, మసి మిగులుతుందని బోర్డు మీద ఎన్నిసార్లు రాసి ఉంటాను! పిల్లలతో బట్టీ పట్టించాను. నా ఇంట్లో, నా కిటికీ పక్కన, నల్లటి పొగ కళ్ళలోకి వస్తుంటే నాకు ఒక్క ముక్క గుర్తు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గులోనే మూడు వేళ్ళ సంగతి కూడా చెప్పాను, చూపించి గాలిలో తోస్తాడని కూడా చెప్పాను.

సాయిబు చేతిలో ప్లగ్గు అట్లాగే ఉండిపోయింది. "మూడే కొడతాండాయని చెప్పినాడమ్మా," అన్నాడు. "నాలుగిట్లో ఒకటి చచ్చిపోయిందని మంచంలో పండుకొనే పట్టేసినాడు. చేనికి తోలుకుపో, పని చేపించు, బాగయితాదని చెప్పినాడు. ఇంకేం చెప్పాల మనిషి?"

డాక్టరు చెప్పిందే నిజం, ఆయనకు అన్నీ అర్థమవుతున్నాయి. తుక్కుకు తోలేస్తానన్న మాట కూడా అర్థమైంది. లోపలికి పోయి ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని, "తప్పయిపోయిందయ్యా. బండిని అమ్మను. నా తోడు, అమ్మను," అన్నాను. ఆయన చెయ్యి వెనక్కు తీసుకోలేదు.

సాయిబు వారం రోజులు బస్సులో వచ్చి వెళ్ళాడు. గాలి గొట్టం శుభ్రం చేశాడు, కొత్త ప్లగ్గులు వేశాడు, నాకు బండి తోలడం నేర్పాడు. ఇంజను అందుకోగానే చోకు సగం తోయాలి, రెండు నిమిషాలకు పూర్తిగా తోయాలి, ఊరికే నిలబెట్టకూడదు, వెంటనే పనిలోకి పోవాలి. వారానికి రెండు సార్లు గుంటక తగిలించుకుని ఇంటి వెనక రెండు చేన్ల అవతల ఉన్న మా పొలానికి పోయేదాన్ని. "టీచరమ్మ ట్రాక్టరు తోల్తాండాది రోయ్!" అని నా దగ్గర చదువుకున్నవాళ్ళే గట్ల మీద నిలబడి చూసేవాళ్ళు. నా చాళ్ళు పాము పోయినట్టు వంకరగా వచ్చేవి. కానీ బరువు లాగుతుంటే ఇంజను గొంతు మారడం నాకు మొదటిసారి వినపడింది. తడబాటు పోయి ఒకే ధార అయింది. తిరిగొచ్చి గదిలోకి పోతే ఆయన నాలుగు వేళ్ళు ఎత్తేవాడు. నాలుగూ కొడుతున్నాయి. అప్పుడు నోరు తెరిచేవాడు, నేను జావ పట్టేదాన్ని. బండి బాగుందని తెలుసు కాబట్టి, మిగతా రోజుల్లో చప్పుడు లేకపోయినా జావ తాగేవాడు.

తొలకరి నుంచి కార్తీకం దాకా మా సంసారమంతా ఆ వేళ్ళలోనే నడిచింది. ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఆయన మాట నేను అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.

కార్తీకంలో ఒక పొద్దున చలిగా ఉందని చోకు పూర్తిగా లాగాను. పక్క చేనామె ఎదురొస్తే మాటల్లో పడి తోయడం మరిచాను. అట్లాగే పొలం చేరి నాలుగు చాళ్ళు తోలేసరికి ఇంజను దగ్గింది, తడబడింది, ఆగిపోయింది. పొలమంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. మంచంలో ఆయన వింటుంటాడని ముందు గుర్తొచ్చింది. కంగారు పడ్డాను, తర్వాత మొండితనం వచ్చింది. సీటు కింద సాయిబు ఉంచిన పానా, బ్రష్షు, బ్లేడు తీసి, కొంగు చుట్టుకుని ఆ వేడి ప్లగ్గులను నేనే విప్పాను. రెండు వేళ్ళు కాలాయి. బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచి, బానెట్టు మీద ఎండలో ఆరబెట్టి, బ్లేడు దూర్చి సందు చూసి, వరస తప్పకుండా బిగించాను. అరగంట పట్టింది. నొక్కాను. లేచింది! నాలుగూ! అక్కడే గట్టిగా నవ్వేశాను. ఎవరి సాయం లేకుండా నేను చేసిన మొదటి మరమ్మతు. ఆయనకు మసి చేతులు చూపించాలని మిగతా చాళ్ళు వదిలేసి ఇంటికి తోలాను.

వదిన వాకిట్లో గడప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. బండి దిగి, ఇంజను ఆపకుండానే లోపలికి పరుగెత్తాను. ఆయన ముఖం కిటికీ వైపు తిరిగి ఉంది.

"బండి నిల్చిపోయినప్పుడు చూసినా మే," అంది వదిన వెనక నుంచి. "కండ్లు తెరిచే ఉండె. చెవి పెట్టి వింటాండె. నువ్వొచ్చేలోగా జావ ఏడి చేద్దామని పొయ్యి కాడికి పోయినా. వచ్చి చూస్తే ఇట్లుండాడు."

"మళ్ళీ స్టార్టయింది కదా వదినా, ఆ చప్పుడు విన్నాడా? అది విన్నాక పోయాడా, ముందే పోయాడా?"

"నాకేం తెల్సు తల్లీ."

ఆ రోజు ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. వచ్చినవాళ్ళనందరినీ అడిగాను. పక్కింటివాళ్ళను అడిగాను, సాయిబును అడిగాను. ఎవరికీ తెలియదు. నేను చోకు తోయడం మరవకపోతే ఆ అరగంట నిశ్శబ్దమే ఉండేది కాదు. బండి చచ్చిపోయిందనుకుంటూ పోయాడో, నేను బాగుచేశానని తెలిసి పోయాడో ఇక నాకు ఎప్పటికీ తెలియదు. వాకిట్లో ఇంజను ఊరికే తిరుగుతూనే ఉంది. ఎంతసేపటికో ఎవరో వెళ్ళి ఆపారు. ఏడవాలని అందరూ నన్ను కదిలించి చూశారు గాని నాకు ఏడుపు రాలేదు.

నెలమాసికం అయిన మర్నాడు షెడ్డులోకి పోయాను. నొక్కగా నొక్కగా ఇంజను లేచింది. చోకు తోసి, కళ్ళు మూసుకుని విన్నాను. నాలుగు దెబ్బల్లో ఒకటి తప్పుతోంది. మూడే. ఎవరూ చెప్పకుండా నాకు వినపడింది. నాకు తెలియకుండానే కిటికీ వైపు తిరిగి మూడు వేళ్ళు ఎత్తాను. లోపల మంచం ఎప్పుడో తీసేశారు.

ప్లగ్గులు విప్పి ఇడ్లీ రేకులో పెట్టాను. రెండోదానికే తంటా, తడిగా ఉంది. రుద్ది, తుడిచి, వంటింట్లోకి తెచ్చి పటకారుతో పట్టుకుని స్టవ్వు మీద కాల్చడం మొదలుపెట్టాను. పక్కన వదిన పెట్టిన పాలగిన్నె ఉంది.

"పాలు మే! పాలు పొంగుతాండాయి!" అని వదిన గుమ్మంలోంచి అరిచింది.

"ఒక్క నిమిషం వదినా. తడి ఆరిపోతాది," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే వినపడింది. నెల రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. పటకారు వదలకుండా అట్లాగే నిలబడి ఏడ్చాను. పాలు పొంగిపోయాయి.